అల్లుడుగారి విల్లు, లంకపొలంలో పందులు

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ కోనసీమ నుంచి ఒక రైతు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం మాకు అందింది. దాని సారాంశం ఇది. గౌతమి పాయ మధ్యనున్న ఒక లంకలో ఆయనకు మూడెకరాల పొలం ఉంది. రెండెకరాల్లో అరటి, ఎకరంలో కంద వేశారు. రెండేళ్లుగా రాత్రిపూట పందుల గుంపు రెల్లుదుబ్బుల్లోంచి వచ్చి కందదుంపలను తవ్వి తింటోంది, తిన్నంత తిని మిగిలినవాటిని కొరికి వదిలేస్తోంది, అరటి పిలకల మొదళ్లను మోరతో పెళ్లగిస్తోంది. ఈ ఏడు గెల వేసిన చెట్లు కూడా కొన్ని ఒరిగిపోయాయి. ఇవి అడవి పందులేనని కొందరు, ఎప్పుడో వరదకు కొట్టుకొచ్చి లంకలోనే మరిగిపోయిన ఊరపందులని మరికొందరు అంటున్నారు. పక్క పొలాల వారు గట్ల మీద కరెంటు తీగలు పరుద్దామని ఒత్తిడి చేస్తున్నారు.

ఇంతలో టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న పెద్దల్లుడు సంక్రాంతికి వస్తున్నానని, వస్తూ తన విల్లు తెస్తానని, పందుల సంగతి తనకు వదిలేయమని ఫోనులో చెప్పారు. ఆయన అక్కడ విల్లుతో అడవిపాలైన పందులనే కాక మన చుక్కల దుప్పులను కూడా కొట్టిన ఫోటోలు కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. "తుపాకీ అయితే లైసెన్సు కావాలి గానీ విల్లుకు ఏ లైసెన్సూ అక్కర్లేదు మావయ్యగారూ, పందులు కాకపోతే నక్కలనైనా చూద్దాం" అన్నారట. వార్త ఊరంతా పాకింది. బావమరుదులిద్దరూ మంచె కట్టడానికి తాటిదూలాలు కూడా చూసిపెట్టారు, భోగి నాటి రాత్రికి ముహూర్తం అనుకున్నారు. "అల్లుడుగారిని కాదనడం మా ఇంటా వంటా లేదు. ఆయన మాట నమ్మాలనే ఉంది, కానీ మనసు పీకుతోంది. నన్నేం చేయమంటారు?" అని ఆయన అడుగుతున్నారు.

అయ్యా, మీ మనసు ఊరికే పీకడం లేదు. మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి: మీ అల్లుడుగారి మాట చట్టం ముందు నిలుస్తుందా, మీ పొలం తవ్వుతున్న పంది ఎవరిది, ఆయన మనసు నొప్పించకుండా ఈ సంగతి ఎలా చెప్పాలి. మూడింటినీ ఒకేసారి తేల్చుకోబోయి మీరు నలిగిపోతున్నారు. విడదీసి చూద్దాం.

ముందుగా ఒక మాట. మీ అల్లుడుగారు మిమ్మల్ని మభ్యపెట్టడం లేదు. ఆయన ఉన్న చోట ఆయన చెప్పింది చాలావరకు నిజం. అమెరికా ఖండానికి పంది సొంత జంతువు కాదు. స్పెయిన్ వలసదారులతో వెళ్లిన పెంపుడు పందులు అడవిపాలై, ఆ తరువాత వేట సరదా కోసం తెప్పించిన యూరపు అడవి పందులతో కలిసి అక్కడ పెద్ద బెడదగా మారాయి. అందుకే టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, భూస్వామి అనుమతి ఉంటే, 2019 సెప్టెంబరు నుంచి ఆ పందుల వేటకు లైసెన్సు కూడా అక్కర్లేదు. చుక్కల దుప్పి మన నేల నుంచి వెళ్లినదే. హవాయి దీవుల్లోని మొలొకాయికి 1868లో, టెక్సాస్‌కు 1932లో దాన్ని తీసుకెళ్లారు. మన మనుబోతు (నీల్‌గాయ్), కృష్ణజింక కూడా అక్కడ మేస్తున్నాయి. పరదేశపు జంతువులు కనుక వాటికి అక్కడ వేట రుతువు లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. వేట లైసెన్సు, భూస్వామి సమ్మతి ఉంటే చాలు. అదే టెక్సాస్‌లో అక్కడి సొంత జంతువైన తెల్లతోక జింక దగ్గరికి వచ్చేసరికి రుతువు, పరిమితి, కొట్టిన జింకకు కట్టే ట్యాగు అన్నీ వచ్చేస్తాయి. విల్లుకూ నియమాలున్నాయి: బాణపు ములికి వెడల్పు తగిలేటప్పుడు కనీసం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు ఉండాలి, దానికి రెండు కోత అంచులు ఉండాలి, విషం పూసిన బాణాలు, పేలే బాణాలు నిషిద్ధం. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేటగాళ్ల శిక్షణ కూడా పూర్తిచేసి ఉండాలి. కాబట్టి ఆయన నేర్చిన విద్య నియమాలు లేని విద్య కాదు. ఆ నియమాలన్నీ ఈ జంతువు ఈ నేలదా, బయటి నుంచి వచ్చిందా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. విమానం దిగగానే ఆ ప్రశ్నకు జవాబు తలకిందులవుతుందన్న సంగతి ఒక్కటే ఆయన గమనించలేదు. (బ్రిటన్‌లోనైతే బయటి నుంచి వచ్చిన జింకను కూడా విల్లుతో కొట్టడం నేరమే. కనుక ఇది దేశానికో తీరుగా ఉండే వ్యవహారం.)

మన దేశంలో అడవి పంది ఇక్కడి జంతువే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణతో సరదా వేటకు తలుపు పూర్తిగా మూసుకుపోయింది. 2022 సవరణ తరువాత రక్షిత జంతువులన్నీ రెండు షెడ్యూళ్లలోకి, అంటే చట్టానికి జతచేసిన జాబితాల్లోకి, వచ్చాయి. అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. తొమ్మిదో సెక్షను ప్రకారం ఈ రెండు షెడ్యూళ్లలోని ఏ జంతువునూ వేటాడకూడదు. చట్టం దృష్టిలో చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు పెట్టడం, వల పన్నడం, ఎర వేయడం, వెంటాడి తరమడం, చివరకు ప్రయత్నించడం కూడా వేటే. విల్లుకు లైసెన్సు అక్కర్లేదన్న మాటకు జవాబు కూడా అందులోనే ఉంది: ఆయుధమంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో తుపాకులు, వలలు, విషం, ఉచ్చులతో పాటు విల్లంబులను పేరు పెట్టి చేర్చారు. తుపాకీ లైసెన్సన్నది ఆయుధాల చట్టం సంగతి. వేట అనుమతి వేరే సంగతి. మీ ఊళ్లో లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దమనిషి ఎవరైనా ఉన్నా, ఆ కాగితం చూపించి పందిని కొట్టే హక్కు ఆయనకూ లేదు. పాపికొండల వైపు విల్లంబులు తరతరాలుగా చేతిపనిముట్లుగా ఉన్న కొండరెడ్లకే ఈ చట్టం మినహాయింపు ఇవ్వలేదు. నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కులను మాత్రమే పేరు పెట్టి కాపాడింది. ఇక అండమాన్‌లోని చుక్కల దుప్పులను 20వ శతాబ్ది తొలి దశకాల్లో బ్రిటిష్ వారు తెచ్చి వదిలారు, అక్కడి చిట్టడవికి అవి చేటు చేస్తున్నాయి. అయినా బయటి జంతువన్న కారణం చూపి ఎవరు పడితే వారు వాటిని కొట్టడానికి లేదు. "ఇది పరాయి జంతువు, కొట్టేయవచ్చు" అన్న టెక్సాస్ లెక్క ఇక్కడ ఆ వైపు నుంచి కూడా చెల్లదు.

రెండో షెడ్యూలు జంతువును వేటాడితే మూడేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. "నక్కలనైనా చూద్దాం" అన్న మాటను మాత్రం మీరు వెంటనే ఆపించండి. 2022 సవరణలో నక్క మొదటి షెడ్యూలులోకి వెళ్లింది. కోరింగ మడఅడవుల నీటిపిల్లి, నీటికుక్క కూడా అందులోనే ఉన్నాయి. అక్కడ శిక్ష మూడేళ్ల నుంచి మొదలై ఏడేళ్ల దాకా వెళుతుంది, జరిమానా తప్పదు. పైగా నేరానికి తోడ్పడినవారికీ అదే శిక్ష. పొలం మీది, మంచె మీ అబ్బాయిలది, టార్చిలైటు పట్టేది పక్క పొలం వారు. ఫోటో తీసి గ్రూపులో పెట్టిన మేనల్లుడితో సహా అందరి పేర్లూ ఒకే కాగితం మీద చేరడానికి ఎక్కువ సేపు పట్టదు. మాంసం వాటాలు వేసుకున్న ఇళ్లన్నీ కూడా అందులోకి వస్తాయి. వీసా మీద ఉన్న మనిషికి అరెస్టు అన్న మాట తరువాత నింపే ప్రతి దరఖాస్తులోనూ ఎదురవుతుంది. మీ అమ్మాయి కాపురం ఆ దరఖాస్తుల మీద ఆధారపడి ఉంది.

ఇక రెండో చిక్కు, నా దృష్టిలో అసలైన చిక్కు: అది ఏ పంది? మీ ఉత్తరంలో దీన్ని రెండు వాక్యాల్లో దాటేశారు గాని, మీరు తీసుకోవలసిన దారి దీని మీదే ఆధారపడి ఉంది. అడవి పందికి మెడ వెనుక నుంచి వీపు మీదుగా బిరుసు వెంట్రుకల జూలు ఉంటుంది, బెదిరితే అది నిక్కబొడుచుకుంటుంది. చెవులు చిన్నవి, నిలిచి ఉంటాయి. మోర పొడుగ్గా, తిన్నగా ఉంటుంది. తోక చివర కుచ్చు ఉంటుంది. పిల్లలకు పుట్టిన కొత్తలో గోధుమరంగు ఒంటి మీద తల వైపు నుంచి తోక వైపుకు పొడవునా లేతచారలు ఉంటాయి. వాలిన చెవులు, ఒంటి మీద తెలుపు మచ్చలు, పొట్టి మోర కనిపిస్తే ఊరపంది పోలిక. రెండూ కలిసి కన్న సంకర పిల్లలు కూడా ఉంటాయి కనుక ఒక్క పందిని చూసి తేల్చకండి, గుంపును చూడండి. అడుగుజాడలను నమ్ముకోవద్దు, వాటిలో తేడా పట్టడం అనుభవజ్ఞులకే కష్టం. బోదె దాటి వచ్చే దారిలో అరటిచెట్టుకు మోకాలెత్తున ఒక ట్రెయిల్ కెమెరా, అంటే జంతువు కదలగానే తనంతట తానే ఫోటో తీసే కెమెరా, కట్టండి. అది దొరక్కపోతే మంచె మీద నుంచి టార్చికి ఎర్రకాగితం చుట్టి ఫోనుతో వీడియో తీసినా సరిపోతుంది. వాటికి చూపు మందం, వాసన పసిగట్టడంలో మాత్రం దిట్ట. గాలికి ఎదురుగా కూర్చోండి.

గుంపు ఊరపందులదే అని తేలితే అది వన్యప్రాణి చట్టం కిందికి రాదు. అంతమాత్రాన కొట్టేయవచ్చనీ కాదు. పెంపుడు జంతువుకు యజమాని ఉంటాడు. దాన్ని చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది, జంతుహింస నిరోధక చట్టం కూడా ఉంది. ఒడ్డున పందులు పెంచుకునే కుటుంబాలు ఉంటే గొడవ పోలీసు స్టేషను దాకా వెళ్లకముందే పంచాయతీ ద్వారా నోటీసు ఇప్పించండి. తమవి కాకపోయినా వలలు కట్టి బతికుండగా పట్టడం వారికి వచ్చిన పని, కూలి ఇస్తే చేసిపెడతారు. అయితే గుంపులో అడవి పందులున్నాయని తెలిసి అదే వల వేస్తే మళ్లీ అది వేటే అవుతుంది. గుర్తించడం ముందు, వల తరువాత అని నేను పట్టుబట్టేది ఇందుకే.

అడవి పందులే అని తేలితే చట్టం మీకు దారి మూసేయలేదు. పదకొండో సెక్షను కింద, రెండో షెడ్యూలు జంతువు ప్రాణానికి గాని ఆస్తికి గాని ప్రమాదకరంగా మారినప్పుడు దాన్ని వేటాడేందుకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. పొలంలో నిలిచి ఉన్న పంట కూడా ఆస్తి కిందికి వస్తుందని ఆ సెక్షనే చెబుతోంది. మీరు అటవీ రేంజి కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. తవ్విన కంద మడుల ఫోటోలు, ఒరిగిన అరటి ఫోటోలు తేదీలతో జతచేయండి, రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుడితో నష్టం రాయించండి, చుట్టుపక్కల రైతుల సంతకాలతో పంచాయతీ తీర్మానం పెట్టించండి. ఒక్కరు ఇచ్చిన కాగితం కన్నా లంకంతా కలిసి ఇచ్చిన కాగితానికి బరువు ఎక్కువ. అదే కార్యాలయంలో పంట నష్టపరిహారం గురించి కూడా అడగండి. అనుమతి వస్తే అందులో ఎవరి పేరుంటే వారే, ఏ చోటు రాస్తే ఆ చోటే. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, వండుకోవడానికి కాదు. అమెరికా నుంచి పండుగకు వచ్చిన అతిథికి విల్లుతో కొట్టమని ఆ ఉత్తర్వు వస్తుందన్న ఆశ నేను మీకు పెట్టను. భోగిలోగా వస్తుందన్న ఆశ అసలే పెట్టను.

"బీహారులో పందులను కొట్టమని కేంద్రమే చెప్పిందట కదా" అని మీ ఊళ్లో ఎవరైనా అనవచ్చు. 2015 డిసెంబరులో బీహారులోని కొన్ని జిల్లాల్లో మనుబోతులను, అడవి పందులను, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లో అడవి పందులను ఏడాది కాలానికి చీడజంతువులుగా ప్రకటించిన మాట నిజం. అది 62వ సెక్షను కింద ఒక ప్రాంతానికి, ఒక గడువుకు ఇచ్చిన ప్రకటన. దాన్ని పట్టుకుని గౌతమి లంకలో బాణం వేయలేరు. ఆత్మరక్షణ మినహాయింపు కూడా మనిషి మీదికి వచ్చినప్పుడే గాని కంద మీదికి వచ్చినప్పుడు కాదు. మంచె కట్టి, ఎర వేసి, కాచుకుని కూర్చున్నవాడు ఆ మినహాయింపు అడగలేడు.

చట్టం మాట కాసేపు పక్కన పెట్టినా, ఈ వేట మీ లంకకు తగదని మీ అల్లుడుగారే ఒప్పుకుంటారని నా నమ్మకం. తూటా లాగా బాణం దెబ్బతోనే కూల్చదు. ములికి కోసిన కోతకు నెత్తురు కారి జంతువు పడిపోతుంది. అందుకే విల్లు వేటగాడు ఇరవై, ముప్పై గజాల దగ్గరి నుంచి, పక్కవాటంగా నిలబడిన జంతువును గురిచూసి వేస్తాడు. వేశాక అరగంటో ఇంకా ఎక్కువో కదలకుండా కూర్చుని, ఆ తరువాత నెత్తుటి జాడ పట్టుకుని వెళతాడు. ముదిరిన మగపందికి భుజాల మీద గట్టి మందపాటి పొర డాలులా ఉంటుంది, బాణం అందులో చిక్కుకుపోవచ్చు. టెక్సాస్‌లోని వందల ఎకరాల కంచె భూమిలో ఆ అరగంట ఎవరికీ హాని లేదు. మీ లంకలో దెబ్బతిన్న పంది నేరుగా రెల్లుదుబ్బుల్లోకో పక్కవారి అరటితోటలోకో దూరుతుంది. ఆ చీకట్లో మోటారు వేయడానికి వచ్చినవారు, బాతుల మంద కాస్తూ గట్టున పడుకున్నవారు ఉంటారు. గాయపడి మీదికి వచ్చే పంది కోర సరిగ్గా మనిషి తొడకు తగిలే ఎత్తులో ఉంటుంది. ఈ సంగతి ఆయనకు మీకన్నా బాగా తెలుసు, ఒకసారి పొలం పటం గీసి చూపించండి చాలు.

కరెంటు తీగల మాటకు మాత్రం నా దగ్గర రెండు దారులు లేవు. లైను నుంచి నేరుగా తీగ లాగి గట్టున పరిస్తే అది పందికీ మనిషికీ తేడా చూడదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన కౌలురైతు దాని మీద కాలు వేస్తే మీరందరూ హత్యానేరానికి దగ్గరి సెక్షన్లకు జవాబు చెప్పుకోవాలి. పక్కవారు మీ గట్టు దాకా తీగ తెస్తామంటే ఒప్పుకోవద్దు. వినకపోతే విద్యుత్ సిబ్బందికి చెప్పండి, మాట పోయినా ఫరవాలేదు. సోలార్ కంచె వేరు. అది క్షణకాలం కొట్టి వదిలే ప్రవాహం, ప్రాణం తీయదు. పంది కిందనుంచి దూరే జంతువు కనుక అడుగుతీగ జానెడు ఎత్తుకు మించకూడదు. గడ్డి తీగకు తగిలితే దెబ్బలో బలం పోతుంది కనుక వారానికోసారి కింద చెక్కాలి. జూలై నుంచి వరదలు కనుక కట్లు విప్పి ఒడ్డుకు తెచ్చుకునే రకం స్తంభాలే వేయించుకోండి, లేకపోతే మొదటి వరదకే ఖర్చు గోదారిపాలు. నలుగురు రైతులు కలిసి చుట్టూ ఒకే కంచె వేస్తే తలా కొంచెమే పడుతుంది. కంచె చుట్టూ ఒత్తుగా ఆముదం వరస, గట్ల మీద పాతచీరలు కొన్నాళ్లు పనిచేస్తాయి. తరువాత పందులు వాటికి అలవాటు పడతాయి, అప్పుడు చోటు మార్చాలి. కందకం మాట ఎవరైనా ఎత్తితే మీ నేల ఇసుక ఒండ్రని గుర్తుచేయండి, ఒక్క వానకు పూడిపోతుంది. పంటల బీమాలో వన్యప్రాణుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోగా ఫోటోలతో యాప్‌లో తెలపాలన్నది షరతు. మీ పంటలకు మీ జిల్లాలో అది వర్తిస్తుందో లేదో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అల్లుడుగారికి చెప్పడం. ఏమీ అనకుండా పండుగ దాకా నెట్టుకొచ్చి, ఏ కారణానో వేట వాయిదా పడుతుందని ఎదురుచూడడం ఒక దారి. అందులో ఇప్పటికి మొహమాటం తప్పుతుంది గాని, భోగి మంట దగ్గర బంధువులందరి ముందు ఆయన విల్లు బయటకు తీశాక మీరు ఆపితే అది అవమానమవుతుంది, ఆపకపోతే నేరమవుతుంది. వియ్యంకుడుగారితో చెప్పించడం రెండో దారి. మాట బరువుగా వెళుతుంది, కానీ "మావయ్యగారు మా నాన్నకు ఫిర్యాదు చేశారు" అన్న ముద్ర పడుతుంది. అమ్మాయితో చెప్పిస్తే మెత్తగానే చేరుతుంది, అయితే కోపం వస్తే అది ఆ పిల్ల మీదే పడుతుంది. నా మొగ్గు మీరే ఫోను చేసి మాట్లాడడం వైపు. ఆయన పెట్టె సర్దుకోకముందే చేయండి. "వద్దు" అని మొదలుపెట్టకండి. "అల్లుడుగారూ, అక్కడ మీరు తెల్లతోక జింకకు పాటించే నియమం ఇక్కడ పందికి ఉందట, అది ఈ నేల జంతువట, అనుమతి లేకుండా ముట్టుకోకూడదట" అని ఆయన భాషలోనే చెప్పండి. నియమం తెలిసిన వేటగాడికి ఇందులో చిన్నతనం కనిపించదు. విల్లు అక్కడే వదిలి రమ్మనండి. కెమెరా తెమ్మని అడగండి, ఆ దేశంలో అవి చవక, పైగా పందుల పని తనకు అప్పగించారన్న తృప్తి ఆయనకు మిగులుతుంది. బాణం వేయకపోతే పండుగ చప్పబడిందనుకుంటే విజయవాడలో విలువిద్య నేర్పే అకాడమీలున్నాయి. 2023 ఆసియా క్రీడల్లో కాంపౌండు విల్లుతో మూడు స్వర్ణాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ ఆ ఊరి అమ్మాయే. తిరుగుప్రయాణంలో ఒక పూట అక్కడ ఆపితే మీ అబ్బాయిలు కూడా సరదాపడతారు.

అబ్బాయిలు చూసిపెట్టిన తాటిదూలాలను వెనక్కి పంపకండి. మంచె కట్టించి వంతులవారీగా కాపలాకు వాడుకోండి, పంట దగ్గరికి రానీయకుండా చేసే డబ్బా చప్పుడుకూ టార్చికీ చట్టం అడ్డు చెప్పదు. తవ్వకానికి వచ్చిన కందను మాత్రం మంచి ధర కోసం పండుగ దాకా నేలలో ఉంచకుండా ఈ వారంలోనే తవ్వించి, విత్తనపు దుంపను ఇంటికి చేర్చండి. గుంపును లంకలోని మీ వైపుకు లాగుతున్నది ముఖ్యంగా ఆ ఎకరమే.